బీపీ పెంచే ఆట, కెమిస్టు ఇచ్చే మందు: నైజీరియా జనం మాటల్లో ఏముంది?

2024 ఫిబ్రవరి 7 రాత్రి. ఐవరీ కోస్ట్‌లోని బువాకేలో ఆఫ్రికా కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్. దక్షిణాఫ్రికా మీద నైజీరియా 1-0తో ముందుంది. ఇంకో అయిదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా విక్టర్ ఒసిమెన్ రెండో గోల్ కొట్టాడు. ఇక ఫైనల్‌కి వెళ్లినట్టేనని దేశమంతా గంతులేస్తుండగా రిఫరీ మైదానం పక్కనున్న స్క్రీను దగ్గరికి నడిచాడు. ఆ గోల్‌కి కొన్ని క్షణాల ముందు, మైదానం అవతలి కొసన, నైజీరియా ఆటగాడు ఒకరు ఫౌల్ చేశాడని తేలింది. గోల్ రద్దు. అంతటితో ఆగలేదు, దక్షిణాఫ్రికాకి పెనాల్టీ కూడా ఇచ్చారు. 2-0 అనుకున్నది చూస్తుండగానే 1-1 అయింది. ఆ తరువాత అరగంట అదనపు సమయం, ఆపైన పెనాల్టీల షూటౌట్. చివరికి నైజీరియా 4-2తో గట్టెక్కింది.

ఆ గెలుపు వార్త వెంటే నైజీరియా పత్రికల్లో ఇంకో రకం వార్తలు వచ్చాయి. మ్యాచ్ చూస్తూ చూస్తూ టీవీ ముందే కొందరు కుప్పకూలి చనిపోయారు. వారిలో ఒక మాజీ పార్లమెంటు సభ్యుడు, ఒక విశ్వవిద్యాలయ ఉద్యోగి ఉన్నారు. ‘కుప్పకూలి’ అన్న మాట అక్కడి పత్రికలకు బాగా అలవాటు. అసలు కారణం ఏమిటో చాలాసార్లు తేలదు. అప్పటిదాకా బాగానే ఉన్నాడు, కూలిపోయాడు, అంతే. తెలుగు పేపర్లు చదివేవారికి ఈ వాక్యం కొత్తగా ఏమీ అనిపించదు. బీపీ ఉన్నవాళ్లు ఫైనల్ చూడకపోవడమే మంచిదని డాక్టర్లు చెప్పాల్సి వచ్చింది. నైజీరియాలో పెద్దవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి రక్తపోటు ఉంది, అందులో చాలామందికి ఆ సంగతే తెలియదు. ‘మా జట్టు మాకు బీపీ తెప్పిస్తోంది’ అన్నది అక్కడ ఊతపదం. ఆ వారం అది ఊతపదంగా మిగల్లేదు.

నైజీరియా అంటే తెలుగు పాఠకుడికి పేపర్లో కనిపించేది రెండే సందర్భాల్లో. ఎక్కడో డ్రగ్స్ కేసులో పట్టుబడ్డ విదేశీయుడి వార్త, లేదంటే ‘మీకు కోట్ల రూపాయల వారసత్వం వచ్చింది’ అనే పాత మెయిల్ మోసం. ఇరవై కోట్లకు పైగా జనం, అయిదు వందలకు పైగా భాషలు ఉన్న దేశం ఈ రెండు ముక్కల్లో ఇమడదు. అక్కడి మామూలు మనిషి ఆట గురించి, ఫోన్ గురించి, జ్వరం గురించి ఏమనుకుంటాడో వింటే ఒక సంగతి బయటపడుతుంది. ఇవి వేర్వేరు విషయాల మీద వేర్వేరు అభిప్రాయాలు కావు. అన్నిటి కిందా ఒకే లెక్క నడుస్తుంటుంది: ఇక్కడ ఏది దొరికినా ఎవరి పుణ్యాన దొరుకుతోంది, ఏది దొరక్కపోతే ఎవర్ని అడగాలి? అక్కడ ఒక నానుడి వినిపిస్తుంటుంది, ఎవరి ఇల్లు వారికే స్థానిక ప్రభుత్వం అని. బోరు మనమే వేసుకోవాలి, జనరేటర్ మనమే కొనుక్కోవాలి, వీధికి కాపలా మనమే పెట్టుకోవాలి. అభిప్రాయాలు కూడా అక్కడినుంచే పుడతాయి.

ఈ లెక్క అందరి నోటా ఒకేసారి బయటపడిన వారం ఒకటుంది. 2025 జూలై 26న మొరాకోలోని రబాత్‌లో నైజీరియా మహిళల జట్టు, సూపర్ ఫాల్కన్స్, 2-0తో వెనకబడి కూడా 3-2తో మొరాకోని ఓడించి పదోసారి ఆఫ్రికా కప్ గెలిచింది. రెండు రోజులకు రాజధాని అబూజాలో అధ్యక్షుడు టినుబు జట్టుని పిలిచి, ఒక్కొక్క క్రీడాకారిణికి లక్ష డాలర్లు, ఒక ఫ్లాటు, జాతీయ పురస్కారం ప్రకటించాడు. లక్ష డాలర్లంటే అప్పటి లెక్కలో సుమారు 15 కోట్ల నైరాలు. దేశంలో కనీస వేతనం నెలకు 70,000 నైరాలు. ఆ వేతనం తీసుకునే మనిషి 15 కోట్లు సంపాదించాలంటే పైసా ఖర్చు పెట్టకుండా 178 ఏళ్లకు పైగా పనిచేయాలి.

అదే వారంలో నర్సులు దేశవ్యాప్తంగా హెచ్చరిక సమ్మెకు దిగారు. జీతాలు, అలవెన్సులు, ఖాళీ పోస్టులు వాళ్ల గొడవ. ఇంకేముంది, రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టి జనం మాటలు మొదలుపెట్టారు. ప్రాణం పోసేవాళ్లకు సమ్మె, బంతి తన్నేవాళ్లకు ఫ్లాటా అని కొందరు. ఆడపిల్లలు దేశం పరువు నిలబెడితే ఓర్వలేకపోతున్నారా అని ఇంకొందరు. పైకి చూస్తే ఇది ఆటకీ ఆస్పత్రికీ మధ్య పంచాయితీ.

నిజానికి ఫాల్కన్స్ వైపు మాట్లాడినవారి చేతిలో బలమైన ముక్క ఒకటుంది. ఈ జట్టుకి అసలు సమస్యే రావలసిన డబ్బు రాకపోవడం. 2016లో ఇదే కప్ గెలిచి వచ్చి, బోనస్‌లు ఇవ్వకపోతే అబూజాలో హోటల్ గదులు ఖాళీ చేయబోమని భీష్మించి, ప్లకార్డులు పట్టుకుని పార్లమెంటు దాకా నడిచారు. పురుషుల జట్టు సంగతీ గొప్పగా ఏమీ లేదు. 1994లో ఆఫ్రికా కప్ తెచ్చినవారికి ఇస్తామన్న ఇళ్లు కొందరికి దశాబ్దాల తరువాతే చేతికి వచ్చాయి. 2025 నవంబరులో ప్రపంచ కప్ అర్హత ప్లేఆఫ్‌ల ముందు కూడా ఆటగాళ్లు బకాయిల కోసం ఒక రోజు ప్రాక్టీసు మానేశారు. ఆ తరువాత డీఆర్ కాంగో చేతిలో షూటౌట్‌లో ఓడి వరుసగా రెండో ప్రపంచ కప్ పోగొట్టుకున్నారు. కాబట్టి ‘ఇచ్చినప్పుడే పుచ్చుకో, రేపటికి మాట మారుతుంది’ అన్నది అక్కడ పేరాశ మాట కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త.

ఇక్కడ రెండు పక్షాలూ తెలియకుండానే ఒకే మాట అంటున్నాయి. నర్సుకి జీతం నిబంధన ప్రకారం రావాలి, రాదు. క్రీడాకారిణికి బోనస్ ఒప్పందం ప్రకారం రావాలి, రాదు. వచ్చేది ఎప్పుడో ఒకసారి, దొర మనసు కరిగినప్పుడు, కెమెరాల ముందు, దోసిట్లో. హక్కుగా రావలసింది దానంగా వస్తున్నప్పుడు, పక్కవాడి దోసిలి కేసి చూడకుండా ఎవరుంటారు? అసూయ అని దాన్ని కొట్టిపారేసినవారు తొందరపడ్డారనిపిస్తుంది.

ఒలింపిక్స్ మాటల్లోనూ ఇదే. 1996 అట్లాంటాలో సెమీఫైనల్లో బ్రెజిల్‌ని 4-3తో, ఫైనల్లో అర్జెంటీనాని 3-2తో ఓడించి ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచినప్పటి వీడియోలు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత పారిస్‌లో ఒక్క పతకమూ రాలేదు. స్ప్రింటర్ ఫేవర్ ఒఫిలి పేరును 100 మీటర్ల పరుగుకి నమోదు చేయడమే అధికారులు మరిచిపోయారు. సైక్లిస్టు ఎసే ఉక్పెసెరాయే జర్మనీ జట్టు దగ్గర సైకిల్ అరువు తెచ్చుకుని తొక్కి, వాళ్లకు బాహాటంగా కృతజ్ఞతలు చెప్పింది. అరువు సైకిల్ అన్న రెండు మాటలు చాలు, ఎవరూ విశ్లేషణ రాయక్కర్లేకపోయింది.

ఆన్‌లైన్ సంగతికి వస్తే, ఫోన్‌లో నైజీరియన్లు నవ్వుతారు, నవ్వుతూనే ఉతికేస్తారు. ఒకరిని పట్టుకుని అందరూ కలిసి ఏకడాన్ని ‘డ్రాగ్’ చేయడం అంటారు. మొదట్లో చెప్పిన 2024 పురుషుల ఆఫ్రికా కప్ ఫైనల్లో నైజీరియా 2-1తో ఓడిపోగానే మిడ్‌ఫీల్డర్ అలెక్స్ ఇవోబీని ఎంతగా డ్రాగ్ చేశారంటే అతను తన ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలన్నీ తీసేశాడు. కెప్టెన్ అహ్మద్ మూసా బయటికి వచ్చి, ఆపండి, ఓటమి జట్టంతటిదీ అని చెప్పాల్సి వచ్చింది. మంత్రిని అడగలేని కోపం మిడ్‌ఫీల్డర్ మీద పడింది. కోపం ఎప్పుడూ పల్లానికే పారుతుంది కదా.

పైకి పారితే ఏమవుతుందో కూడా వాళ్లకు తెలుసు. 2020 అక్టోబరులో సార్స్ అనే పోలీసు దళం అకృత్యాల మీద యువత రోడ్డెక్కింది. అక్టోబరు 20 రాత్రి లాగోస్‌లోని లెక్కి టోల్‌గేట్ దగ్గర సైనికులు కాల్పులు జరిపారు. మరుసటి ఏడాది జూన్‌లో, అప్పటి అధ్యక్షుడు బుహారీ ట్వీట్ ఒకదాన్ని ట్విట్టర్ తొలగించాక, ప్రభుత్వం దేశంలో ట్విట్టర్‌నే ఆపేసింది. ఏడు నెలలు. జనం వీపీఎన్ వేసుకుని ఎక్కడో ఇంకో దేశంలో ఉన్నట్టు నటిస్తూ మాట్లాడుకున్నారు. జనరేటర్ కొనుక్కున్నట్టే ఇదీ, కరెంటు లేకపోతే జనరేటర్, ట్విట్టర్ లేకపోతే వీపీఎన్.

అయితే అన్నిటికన్నా చెప్పుకోదగ్గది ఒక టమాటా పేస్టు కథ. 2023 సెప్టెంబరులో లాగోస్‌లోని ఒక చిరువ్యాపారి, చిన్నపిల్లల తల్లి, తను ఎప్పుడూ కొనే రకం దొరక్క ఇంకో కంపెనీ పేస్టు కొంది. మూత తీసి రుచి చూసింది. పంచదార మరీ ఎక్కువగా ఉందనిపించింది. డబ్బా ఫొటో పెట్టి, మీరెవరైనా ఇది వాడారా, ఎలా ఉంది అని ఫేస్‌బుక్‌లో అడిగింది. ఎవరో వచ్చి, మా అన్నయ్య సరుకుని పాడు చేయకు, నచ్చకపోతే వేరేది వాడుకో అన్నారు. మీ అన్నయ్యకి చెప్పండి, జనాన్ని చంపొద్దని, అని ఆమె జవాబిచ్చింది. ఏ వీధి కుళాయి దగ్గరైనా వినిపించే మాటలే. కొన్నాళ్లకు మఫ్టీలో పోలీసులు వచ్చి ఆమెను పట్టుకున్నారు. విమానంలో అబూజా తీసుకెళ్లారు. సైబర్ నేరాల చట్టం కింద కేసు పెట్టారు. అప్పటికి ఆమె గర్భవతి. కంపెనీ ఆమె మాటను ఖండించి, తమ వ్యాపారానికి నష్టం జరిగిందని కోట్ల నైరాల దావా వేసింది.

ఆ మాటలో నిజమెంత అన్నది పక్కన పెడదాం. పేస్టులో పంచదార ఎంతుందో ఒక ల్యాబు చెప్పాలి. ఆ ల్యాబు మాట జనానికి చేరాలి, చేరినా నమ్మకం ఉండాలి. అవేవీ లేనిచోట వంటింట్లో నాలుకే ల్యాబు, ఫేస్‌బుక్కే వినియోగదారుల ఫోరం. అందుకే ఆ కేసు దేశం మొత్తాన్నీ కదిలించింది. టమాటా పేస్టు లేనిదే జొలోఫ్ అన్నం లేదు, జొలోఫ్ లేనిదే నైజీరియాలో పెళ్లి లేదు. ప్రతి ఇల్లూ ఆ డబ్బా వైపు చూసుకుంది.

ఆరోగ్యం దగ్గర ఇదే ధోరణి ఇంకా లోతుగా పాతుకుంది. జ్వరం వస్తే నైజీరియన్ ముందు ఆస్పత్రికి వెళ్లడు, వీధి చివర ‘కెమిస్టు’ దగ్గరికి వెళ్తాడు. కెమిస్టు అంటే ఫార్మసీ చదివినవాడే కానక్కర్లేదు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టర్‌కి ఉన్న చోటు అక్కడ అతనిది. ఒళ్లు వేడిగా ఉందంటే మలేరియా అంటాడు, తగ్గకపోతే మలేరియా-టైఫాయిడ్ అంటాడు. ఈ రెండూ ఒకే జబ్బు పేరన్నట్టు కలిపే పలుకుతారు. ప్రపంచంలోని మలేరియా కేసుల్లో సుమారు నాలుగో వంతు ఆ ఒక్క దేశంలోనే కాబట్టి మొదటి సగం తరచూ నిజమే అవుతుంది. రెండో సగం వైడాల్ టెస్టు పుణ్యం. ఎప్పుడో సోకి పోయిన జబ్బుకి కూడా పాజిటివ్ చూపించే ఈ పాత పరీక్ష తెలుగు రాష్ట్రాల చిన్న ల్యాబుల్లో ఎంతమందికి టైఫాయిడ్ అంటగట్టిందో లాగోస్‌లోనూ అంతే. యోరుబా భాష మాట్లాడే ప్రాంతంలోనైతే పొద్దున్నే ఆడవాళ్లు సీసాల బుట్ట నెత్తిన పెట్టుకుని ‘ఆగ్బో’ అమ్ముతూ వస్తారు. చెక్కలు, వేళ్లు, ఆకులు కాచిన కషాయం. ఒక సీసా జ్వరానికి, ఒకటి నడుం నొప్పికి, ఒకటి మూలశంకకి.

చదువుకున్నవాళ్లు కూడా ఇదే చేస్తారు, మూఢత్వం అనుకుంటే పొరపాటు. ఆస్పత్రికి వెళ్తే ఖర్చులో అధిక భాగం సొంత జేబులోంచే. వెళ్లినా డాక్టర్ ఉండాలి కదా. అంతకుముందు అయిదు నుంచి ఏడేళ్లలో 16,000 మందికి పైగా డాక్టర్లు దేశం వదిలి వెళ్లారని 2025లో ఆరోగ్య మంత్రే చెప్పాడు. ఇలా వెళ్లిపోవడానికి యోరుబాలో ఒక మాటుంది, ‘జాపా’. పరుగెత్తి తప్పించుకోవడం అని అర్థం. బ్రిటన్ వెళ్లే నర్సూ జాపాయే, కెనడా వెళ్లే బ్యాంకు ఉద్యోగీ జాపాయే. ప్రభుత్వాలు బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇవ్వాలని 2001లో ఆఫ్రికా నేతలు ఒప్పందం చేసుకున్నది అబూజాలోనే. ఆతిథ్యమిచ్చిన దేశం ఆ మాట నిలబెట్టుకోలేదు. ట్విట్టర్‌ని ఆపిన బుహారీ అధ్యక్షుడిగా ఉన్నన్నాళ్లూ వైద్యానికి లండన్ వెళ్లేవాడు. 2025 జూలై 13న చనిపోయింది కూడా లండన్‌లోనే. ఇది తెలిసిన ఆగ్బో అమ్మే ఆమెకు ఆరోగ్య విధానం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

మందుల మీద అనుమానానికీ చరిత్ర ఉంది. నకిలీ మందుల మీద యుద్ధం చేసిన డోరా అకున్యిలి, ఔషధ నియంత్రణ సంస్థ నాఫ్‌డాక్‌కి 2001 నుంచి 2008 దాకా అధిపతి, తన చెల్లెలు నకిలీ ఇన్సులిన్ వల్లే చనిపోయిందని చెప్పేది. 2003లో ఆమె కారు మీద కాల్పులు జరిగితే తూటా తలకట్టును చీల్చుకుంటూ పోయింది. ఇప్పటికీ మాత్రల డబ్బా మీద నాఫ్‌డాక్ నంబరు ఉందా అని తిప్పి చూడటం చాలామందికి అలవాటు. ఆ డబ్బాల్లో ఎక్కువ భాగం దిగుమతే, అందులో పెద్ద వాటా భారత్‌ది. హైదరాబాద్ చుట్టుపక్కల తయారైన మాత్ర లాగోస్ కెమిస్టు బల్ల మీద కనిపిస్తే వింతేమీ కాదు. జబ్బు ముదిరితే అదే దారిలో వెనక్కి, హైదరాబాద్, చెన్నై ఆస్పత్రులకు వచ్చేవాళ్లూ ఉన్నారు.

అన్నిటికన్నా పాత గాయం ఉత్తర నైజీరియాలోని కానోది. 1996లో అక్కడ మెనింజైటిస్ ప్రబలినప్పుడు ఫైజర్ కంపెనీ ట్రోవాన్ అనే కొత్త మందును పరీక్షించింది. రెండు వందల మంది పిల్లలు ఆ పరీక్షలో ఉన్నారు, పదకొండు మంది చనిపోయారు. చావులకు కారణం జబ్బేనని కంపెనీ వాదించింది, చివరికి 2009లో కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఈ రెంటి మధ్య, 2003లో, పోలియో చుక్కల్లో ఏదో కలిపారన్న ప్రచారంతో కానో రాష్ట్రం వాటిని నెలల తరబడి ఆపేసింది. ముస్లింలు ఎక్కువగా ఉండే ఇండోనేషియా నుంచి టీకా తెప్పించాకే మళ్లీ మొదలైంది. ఈలోగా పోలియో ఇతర దేశాలకూ పాకింది. వదంతి తప్పే. కానీ వదంతి మొలిచిన నేల మాత్రం కల్పితం కాదు.

ఆ నష్టం పూడ్చడానికి ఇంటింటికీ తిరిగే పెద్ద యంత్రాంగాన్ని కట్టారు. 2014 జూలైలో లైబీరియా నుంచి ఎబోలా సోకిన మనిషి లాగోస్‌లో దిగినప్పుడు అక్కరకొచ్చింది అదే. పోలియో సిబ్బందే ఎబోలా సోకినవారితో కలిసి తిరిగిన వాళ్లను వెతికి పట్టుకున్నారు. అంతకుముందే డాక్టర్ అమెయో అదాదెవో, ఎంత ఒత్తిడి వచ్చినా ఆ రోగిని ఆస్పత్రి గడప దాటనివ్వలేదు. ఆమెకే జబ్బు సోకి ఆగస్టులో చనిపోయింది. మొత్తం 20 కేసులు, 8 మరణాలతో ఆగిపోయింది. అదే ఆగస్టులో ఫోన్ల నిండా ఇంకో సందేశం తిరిగింది: వేడి నీళ్లలో ఉప్పు వేసుకుని స్నానం చేయండి, ఆ నీళ్లు తాగండి, ఎబోలా రాదు. తెల్లవారేలోపు అత్తకు, మామకు, పక్కింటివారికి పంపేశారు. ఉప్పునీళ్లు తాగి ఆస్పత్రి పాలైనవారిలో కనీసం ఇద్దరు చనిపోయారు. బీపీ ఉన్న దేశంలో ఉప్పు!

ఆశ్చర్యం ఏమిటంటే, అదాదెవో పేరు అందరికీ తెలుసు, ఉప్పునీళ్ల జోకులు అందరికీ గుర్తే. ఇల్లిల్లూ తిరిగి వేడి కొలిచిన సిబ్బంది గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వ్యవస్థ పనిచేసిన రోజు కూడా జనం దాన్ని ఒక మనిషి గొప్పతనంగానే గుర్తుపెట్టుకున్నారు. జట్టు గెలిస్తే గోల్ కొట్టినవాడి పేరు, ఓడితే ఇవోబీ. 2020లో ఆఫ్రికా ఖండం సహజ పోలియో లేనిదిగా ప్రకటించినప్పుడు నైజీరియాలో అది ఒక పూట వార్త.

జబ్బు గురించి మాట్లాడే తీరులోనూ ఒక మెలిక ఉంది. చర్చికి వెళ్లే చాలామంది ‘ఒంట్లో బాగాలేదు’ అనరు, ‘నేను బలంగా ఉన్నాను’ అంటారు. నోటితో జబ్బు పేరు పలికితే అది ఖాయమైపోతుందని భయం. మనవాళ్లు ‘శాంతం పాపం’ అన్నట్టే వాళ్లకూ ఇగ్బో భాషలో ‘తుఫియాక్వా’ ఉంది, వేళ్లు చిటికె వేస్తూ భుజం మీదుగా విసిరేస్తారు. బీపీ చూపించుకోండి అని చెప్పేవాళ్లకు ఈ చిటికె పెద్ద అడ్డంకి.

ఇప్పుడు మళ్లీ మ్యాచ్ దగ్గరికి. అక్కడ చాలామంది ఆట చూసేది ఇంట్లో కాదు, ‘వ్యూయింగ్ సెంటర్’లో. రేకుల షెడ్డు, చెక్క బెంచీలు, గుమ్మం దగ్గర ఏ మ్యాచ్ ఎన్నింటికో సుద్దతో రాసిన నల్లబల్ల. టికెట్ కొన్ని వందల నైరాలు. సగం మంది చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో బెట్టింగ్ స్లిప్పులు. పది మ్యాచ్‌ల్లో తొమ్మిది సరిగ్గా చెప్పి పదోది తప్పినవాడు తన టికెట్‌ను ‘కోసేసిన’ జట్టుని వారమంతా తిడతాడు. బయట జనరేటర్ రొద. 2023 మే 29న పెట్రోలు సబ్సిడీ ఎత్తేశాక దాన్ని తిప్పడం తడిసి మోపెడవుతోంది. 2024 ఏప్రిల్‌లో, రోజుకు 20 గంటలు కరెంటు ఇస్తామన్న ‘బ్యాండ్ ఏ’ వినియోగదారులకు యూనిట్ ధర 68 నైరాల నుంచి 225కి పెంచారు. మీది ఏ బ్యాండ్ అన్నది ఇప్పుడు పెళ్లిచూపుల్లో అడిగే ప్రశ్న అని జోకు.

ఆట మధ్యలో హఠాత్తుగా లైన్ కరెంటు వస్తుంది. కుర్రాడొకడు పరుగెత్తి మీట మార్చేలోపు టీవీ రెండు మూడు సెకన్లు ఆగిపోతుంది. ఆ చీకట్లోనే షెడ్డంతా ఒక్క గొంతుతో అరుస్తుంది: ‘అప్ నేపా!’ వీధి పొడవునా ఇళ్లలోంచి పిల్లలు కూడా అదే అరుపు అందుకుంటారు. నేపా అంటే పాత విద్యుత్ సంస్థ. ఆ పేరు 2005లోనే తీసేశారు, 2013లో పంపిణీని ముక్కలు చేసి ప్రైవేటు కంపెనీలకు అమ్మేశారు. ఆ కంపెనీల పేర్లు బిల్లు మీద ఉంటాయి. అరుపు మాత్రం ఇంకా నేపాకే.